బొమ్మలో పడని కన్నీళ్ళు

పొద్దు వాలేసరికి బళ్ళు ఆగేవి. మగవాళ్ళు గుర్రాలను విప్పేవాళ్ళు, ఆడవాళ్ళు పిడకలు రాజేసి వరిగల జావ కాచేవాళ్ళు. పెన్జాలో సొంత ఊళ్ళు వదిలి, దూరాన తూర్పున ఉన్న అల్తాయ్ కొత్త భూములకు బయల్దేరిన పది కుటుంబాలకు ఏడు వారాలుగా ఇదే తంతు.

వాళ్ళ వెంట లావ్రెంతీ అనే చిత్రకారుడు వస్తున్నాడు. ఎవరి కష్టాన్నైనా ఆయన ఉన్నది ఉన్నట్టు గీస్తే అది వాళ్ళని వదిలి బొమ్మలోకి పోయేది. పళ్ళు పీకేవాడి దగ్గరికి వెళ్ళినట్టు, అరికాలి పుళ్ళవాళ్ళంతా ఆయన ముందు వరస కట్టేవాళ్ళు. బొమ్మలు మాత్రం బరువెక్కిపోయి, ఒక్కోదాన్ని బండెక్కించడానికి ఇద్దరు కావలసి వచ్చేది.

ఆ ఆదివారం, అత్తతో కలిసి వస్తున్న ఉస్తీన్య అనే పడుచు గుర్రం బూర్కా కుంటింది. మోకాలు గుమ్మడికాయంత వాచింది.

"రేపు తెల్లారి బయల్దేరతాం తల్లీ," అన్నాడు పెద్దమనిషి యెఫీమ్. "గుర్రం నడిస్తే రా. లేకపోతే ఇక్కడే ఉండిపో. మంచు పడకముందే గుడిసెలు లేవాలి మాకు."

ముందే వెళ్ళి భూమి సంపాదించిన ఉస్తీన్య మొగుడు ప్రోఖర్ అల్తాయ్‌లో ఎదురుచూస్తున్నాడు. ఆమె గుర్రాన్ని గీయమని చిత్రకారుణ్ణి బతిమాలుకుని వచ్చేసరికి అత్త అగాఫ్య పెట్టె తెరిచి కూర్చుంది.

"ఈయన బొమ్మలన్నీ మాస్కోలో వేలాడదీస్తే గొప్పోళ్ళు చూస్తారటే! మన పరువేం కాను?"

కోడలికి పెళ్ళినాటి ఎర్రగౌను తొడిగింది. గుర్రం జూలుకు రిబ్బను కట్టింది, వాచిన కాలికి కొత్త తువ్వాలు చుట్టింది. లావ్రెంతీ ఆ ముస్తాబంతా గీశాడు. బూర్కా కుంటుతూనే ఉంది.

"పెళ్ళిబొమ్మ గీయించుకున్నావమ్మా," అని నవ్వాడాయన. "పెళ్ళిగుర్రం ఎక్కడైనా కుంటుతుందా?"

"మా చిరుగులు ఊరంతా చూడాలా, దొరగారూ?" అంది ఉస్తీన్య.

"దాచిందల్లా నీ దగ్గరే ఉండిపోతుంది మరి."

ఉస్తీన్య సిగ్గుతో చచ్చిపోతూ పాతగుడ్డల్లో వచ్చి నిలబడింది. అత్త ఊరుకుంటుందా? "నా మోకాలి నొప్పి కూడా వెయ్యి బాబూ. ఎడమది. కుడిది ఫరవాలేదులే!"

మోకాలి వాపు బొమ్మలోకి దిగుతుంటే బూర్కా నాలుగుకాళ్ళ మీద నిలబడి సకిలించింది. అందరూ గొల్లున నవ్వారు. కుంచె ఉస్తీన్య ముఖం దాకా వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ ఆగండి."

"కళ్ళనిండా నీళ్ళున్నాయి కదమ్మా. తీసేస్తే హాయిగా ఉంటుంది."

"వద్దు దొరగారూ. ఏడు వారాలు కూడబెట్టుకున్నవి. మా నేల చూసిననాడు నాకు కావాలి."

ఆయన ఆమె తలగుడ్డను ముందుకు లాగి, ముఖం కనపడకుండా గీశాడు.

తర్వాతెప్పుడో ఆ బొమ్మ ముందు నిలబడ్డ మాస్కో జనానికి మోకాళ్ళు సలిపి, కుర్చీలు వేయించాల్సి వచ్చిందట. ముఖమెందుకు దాచాడని మాత్రం వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు.

బొమ్మ గీసిన రెండు వారాలకు అల్తాయ్‌లో ప్రోఖర్ తమ నల్లమట్టి చూపించాడు. ఉస్తీన్య దాని మీద కూలబడి బావురుమంది.

"ఏమైందే? నేల నచ్చలేదా?" అని హడలిపోయాడు అతను.

"నచ్చింది. నువ్వు కాసేపు నోరు మూసుకుని పక్కన కూర్చో," అంది ఆమె నవ్వుతూ, ఏడుస్తూ. ఒక్క చుక్క మిగల్చకుండా, తనివితీరా ఏడ్చింది.