సేనాపతి కోటు

నీటి మీటర్లు చూసే ఉద్యోగంలోంచి రిటైరయ్యాక అన్నగారికి పొద్దు పోలేదు. పోయిపోయి వంశం మీద పడ్డాడు. మనవరాలి దగ్గర ఫోన్‌లో వెతకడం నేర్చుకుని, నెల తిరక్కుండానే తాతను సేనాపతిని చేసి కూర్చోబెట్టాడు.

ఆయనకున్న ఆధారమల్లా ఒక్క పాత ఫోటో. అందులో తాత జరీ భుజాల కోటు తొడుక్కుని, రొమ్ము నిండా పతకాలతో నిలబడి ఉంటాడు. ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని నెట్‌ని అడిగితే అది అయిదు బొమ్మలు తెచ్చి పోసింది. అయిదుగురూ వేరేవేరే మనుషులు, ఒంటి మీద మాత్రం అదే కోటు. ఒకడు పుల్లలా ఉన్నాడు, ఇంకొకడికి బానంత పొట్ట. బుర్ర ఉన్నవాడెవడైనా ఒకే కోటు ఇంతమందికి ఎలా పట్టిందా అని ఆలోచిస్తాడు. అన్నగారు మాత్రం అయిదుగురూ తాతకు అన్నదమ్ములని తేల్చేశాడు. వాళ్లలో ఒకడి బొమ్మ కింద ఎవరో పుణ్యాత్ముడు ‘సేనాపతి’ అని రాసిపెట్టాడు. ఈయనకి అంతే చాలు.

దుకాణంలో మిషను తొక్కుతూ ఇదంతా విన్న చెల్లెలికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆ దుకాణం తాతది. ఆయన దర్జీ. ఏడేళ్ల వయసులో ఆమె చేతికి సూది ఇచ్చి కాజాలు కుట్టించింది ఆయనే. గుమ్మం మీద ఆయన పేరు, పక్కన ‘దర్జీ’ అన్న మాట ఇంకా ఉన్నాయి. ఇప్పుడా బోర్డు పీకించి ‘సేనాపతి వారి వస్త్రాలయం’ అని కొత్తది ఎక్కిస్తానని అన్నగారు బయల్దేరాడు. దుకాణంలో సగం వాటా ఆయనదే, కాదనడానికి లేదు.

తాత దర్జీయే కదా అని ఆమె రెండుసార్లు చెప్పి చూసింది. సేనాపతులకు కుట్టుపని సరదా ఉండకూడదా అని ఆయన ఎదురడిగాడు. నెట్‌లో లేనిది నీకేం తెలుసని ఓ మాట కూడా విసిరాడు. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఇంక చెప్పడం దండగని ఊరుకుంది.

ఆదివారం చుట్టాలంతా దుకాణంలో ఇరుక్కుని నిలబడ్డారు. కొత్త బోర్డు గోడకి ఆనించి ఉంది. అన్నగారు వంశవృక్షం కాగితాలు పంచుతూ కోతలు కోస్తుంటే బాబాయి బుద్ధిగా తలూపుతున్నాడు. ఆమె కత్తిరింపుల బల్ల కింది ట్రంకుపెట్టె లాగి, ఫోటోలోని ఆ జరీ కోటే బయటికి తీసింది.

“తొడుక్కో అన్నయ్యా.”

ఆయన కళ్లు మెరిశాయి. ఆమె కోటు ఎదురుగా పట్టుకుంటే ముందు నుంచే చేతులు దూర్చాడు, రాజుల కాలం పద్ధతి కాబోలనుకున్నాడు. ఆమె వెనక్కి వెళ్లి నాడాలు ముడేసింది. ఆయన రొమ్ము విరుచుకున్నాడు. చుట్టాలు ఫోన్లు తీశారు.

“ఒకసారి వెనక్కి తిరుగు,” అందామె.

తిరిగాడు. కోటుకి వీపు లేదు. మూడు జతల నాడాలు, వాటి మధ్య చెమటతో తడిసిన గళ్ల చొక్కా. ముందుగా వదిన నవ్వింది, ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

“ఇది ఫోటో స్టూడియో కోటు,” అందామె. “తాతే కుట్టాడు. ఎవడు తొడిగినా ఎదర సరిపోవాలని వీపు పెట్టలేదు. కుదిరిందో లేదో చూసుకోవడానికి ముందు తనే తొడిగి ఫోటో దిగాడు. స్టూడియో మూసేశాక మనింటికొచ్చింది.”

“మరి ఆ అయిదుగురూ?”

“ఫోటో దిగడానికొచ్చినవాళ్లు. నీకేమీ కారు.”

అన్నగారి మొహం మాడిపోయింది. కోటు విప్పుకుందామని వెనక్కి చేతులు పెట్టాడు. ముడి అందలేదు. బాబాయి పట్టి లాగినా అది ఊడలేదు. అది తాత నేర్పిన ముడి, విప్పడం ఆమెకొక్కదానికే తెలుసు.

“విప్పవే,” అన్నాడు అన్నగారు గొణుగుతూ.

“ముందు నీ బోర్డు తీసుకెళ్లి బయట పెట్టిరా.”

ఆయన బోర్డు చంకలో ఇరికించుకుని, గళ్ల వీపు వీధికి చూపిస్తూ నడిచాడు. ఆమె స్టూలెక్కి, చీర చెంగుతో గుమ్మం మీది పాత బోర్డు తుడిచింది. తాత పేరు కంటే ముందు ‘దర్జీ’ అన్న మాటే తుడిచింది.