మగ్గాల నడుమ మాట్లాడినట్టు

నాకు అరవై దాటినాక అక్షరాలు వచ్చాయి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

నగరి ఊళ్లో మరమగ్గాల మోత ఆగదు; ఏళ్ల తరబడి ఆ మోతలో నేసి చాలామందికి చెవులు మందగించాయి. ఒక ఆదివారం మాత్రం, అప్పట్లో నేనుండిన వీధివాళ్లు మగ్గాలు ఆపి కల్యాణ మండపంలో కూర్చున్నారు. తిరుపతి నుంచి చెవుల డాక్టరు వ్యానులో వచ్చాడు. పరీక్ష ఉచితం, చెవి మిషనూ ఉచితమే. అయితే పగలు పన్నెండు గంటల లోపల ఇరవై మంది పేర్లివ్వాలి. లేకపోతే వ్యాను ఇంకో ఊరికి పోతుంది.

ఆ వ్యాను కోసం మూడు నెలలు తిరిగింది, అదే వీధిలో మగ్గం నేసే నాగరత్నమ్మ. అంతకు ముందు నెల ఆమె అన్న దేవరాజులు లారీ హారను వినపడక రోడ్డుకు అడ్డం నడిచి, వెంట్రుకవాసిలో బతికాడు. ఈ వ్యాను పోతే మళ్లీ రాదని ఆమెకు తెలుసు.

డాక్టరు మూతికి మాస్కు పెట్టుకుని మైకులో అరగంట మాట్లాడాడు. మండపమంతా గుయ్యిమంది. ఒక్క చెయ్యీ లేవలేదు. పదకొండున్నరయింది.

"మాకేమన్నా సెవుడా సార్? పొయ్యి కూడు తినొస్తాం," అని ముందు వరుసలోని నేతగాడు మురుగేష్ లేచాడు. జనం నవ్వారు. కొందరు చెప్పులు వెతుక్కున్నారు.

"నువ్వే చెప్పమ్మా," అని డాక్టరు నాగరత్నమ్మను వేదిక మీదికి పిలిచి చేతిలో మైకు పెట్టాడు.

ఆమె ఎన్నడూ వేదిక ఎక్కి ఎరగదు. "అందరికీ..." అంటూ ఎదురుగా చూసింది. అందరి చూపూ ఆమె నోటి మీదే ఉంది. ఆ నోటికి మైకు అడ్డం. అప్పుడు తట్టింది ఆమెకు. ఇన్నేళ్లుగా మగ్గాల మోతలో వీళ్లు ఒకరి మాట ఒకరు పెదాలు చూసే కదా తెలుసుకుంటున్నది!

మైకు బల్ల మీద పెట్టి కిందికి దిగింది. అందరికీ మొహం కనపడే చోట నిలబడి, మగ్గాల నడుమ మాట్లాడినట్టు నోరంతా తెరిచి, నిదానంగా అడిగింది.

"తిన్నారా అందరూ?"

"యాడ తిన్నాం, నువ్వు రమ్మంటివే!" అని చివరి వరుసలోంచి జవాబొచ్చింది.

"నాకు సెవుడుండాది. మీకెవరికీ సెప్పలా. మనవరాలు ఫోన్లో మాట్లాడతా ఉంటే ఊరికే ఊ కొడతా. మొన్న ఆ బిడ్డ, 'నేనేమడిగినాను సెప్పవ్వా' అనె. సెప్పలేకపోతిని." ఆమె గుక్క తిప్పుకుంది. "మనమేం తప్పు సేసినాం? నేసి బిడ్డల్ని సాకినాం. దీనికి సిగ్గెందుకు? మొదటి పేరు నాదే రాయండి సార్."

దేవరాజులు దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. "అన్నా, ఆ పొద్దు లారీ వస్తా ఉంటే ఎంత అరిసినానో తెలుసునా? నువ్వు తిరిగి సూడలా. ఇంగొకసారి అట్ల అరిసే బలం నాకు లేదన్నా."

దేవరాజులు ఆమె పెదాల మీదే చూపు పెట్టి ఆ మాట తెలుసుకున్నాడు. తర్వాత కండువా దులుపుకుని, బల్ల దగ్గరికి తానే నడిచాడు.

"నాదీ రాయండి," అన్నాడు మురుగేష్. "మా ఇంటామె దినామూ తిడతాదంట, ఒక్కటీ వినపళ్లా!"

"తిట్లు వినేదానికి మిషనా అప్పా నీకు!" అని పక్కవాడు. మండపం గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే వరుస కట్టారు.

పన్నెండుకు నలభై ఏడు పేర్లు. ఈ రోజు ఎక్కడికీ పోయేది లేదని డాక్టరు డ్రైవరుకు చెప్పాడు. నాగరత్నమ్మ వరుస వెంట నడుస్తూ, ఒక్కొక్కరి మొహంలోకి చూసి చెబుతూనే ఉంది: "పోబాకండి, మీ వంతు వస్తాది."

ఇట్లు,
తిరుమలమ్మ, 68 ఏళ్లు,
ఇప్పుడు ఉండేది పాకాలలో.