ఖాళీ గద్దె సెలవు

నేను ఒక రాజముద్రను. కంచుతో పోతపోశారు, పిడికిట్లో ఇమిడిపోతాను. ఇప్పుడు మ్యూజియంలో అద్దం వెనక కూర్చోబెట్టారు కానీ, ఒకప్పుడు వేగిరాల సంస్థానంలో కరిగిన లక్క మీద నన్ను అదిమితే చాలు, కాగితం మీది మాట శాసనమైపోయేది. అదిమేది మనుషులు, ఉసురు తగిలేది నాకు! పోనీలెండి.

మా రాజావారు మంచివారు. ప్రజాసభ పెట్టారు, పాలన దివాను చేతికిచ్చారు. తమకని ఒక్క అధికారమే ఉంచుకున్నారు. దివాను ఎవరినైనా దేశం వెళ్ళగొట్టాలంటే, ముద్రాధికారి నన్ను పట్టుకుని గద్దె ముందు నిలబడి "ప్రభువుల సెలవా?" అని అడగాలి. రాజావారు గొంతు సవరించుకుంటే కాదని, ఊరకుంటే సరేనని. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా. ఆ గొంతు ఎంతమందిని కాపాడిందో నాకు తెలుసు.

ఆయన వారసుడు లేకుండా కన్నుమూశారు. సభవారు చట్టం తిరగరాశారు. అన్నీ మార్చారు కానీ, "ప్రభువు కాదననిచో" అన్న మాట దగ్గరికొచ్చేసరికి అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. దాన్ని కొట్టెయ్యడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. భక్తికేం, బోలెడంత ఉంది, బుద్ధే లేదు. ఇక దివాను రంగభూపతిగారికి పట్టపగ్గాలు లేవు. ఖాళీ గద్దెను సెలవడగడం, గద్దె ఊరుకోవడం, నేను లక్కలో దిగడం. ఇరవైముగ్గురు అలా ఊరు విడిచిపోయారు.

అడిగాక మూడు ఊపిరులసేపు ఆగడం ఆచారం. ఆ కాసేపట్లో గద్దె మీది పరుపు, ఎవరో వచ్చి కూర్చున్నట్టు, కొద్దిగా కుంగేది. అది చూసినవాళ్ళు చాలామందే, చెప్పినవాళ్ళే లేరు.

ఈ పద్ధతి ఆపాలని సభలో బిల్లు పెట్టింది పేరిందేవి, ఆడపిల్లల బడి పంతులమ్మ. మర్నాడే ఆవిడ పేరున కాగితం తయారైంది. పొద్దుగుంకేలోగా బడీ ఇల్లూ వదిలి ఏరు దాటాలి, బతికుండగా తిరిగి రాకూడదు. దర్బారులో నిలబెట్టారు.

"చచ్చిపోయినవాళ్ళనడిగి బతికున్నవాళ్ళని తరిమేస్తారా దివాన్‌గారూ?" అంది. తల దించలేదు.

"అడగండి పంతులుగారూ" అన్నారు దివాను, ముద్రాధికారి వైపు తిరిగి.

ముద్రాధికారి నరహరి పంతులు నన్ను గుండెకు ఆనించుకుని అడిగాడు. ఒక ఊపిరి. రెండు. పరుపు కుంగింది.

గద్దె వైపునుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

నేను పంతులు గుండె మీదే ఉన్నాను. ఆ గొంతు ఆయనది కాదు. ఆయన గుండె అయితే ఆగినంత పనైంది.

"ఎవర్రా అది?" అని దివాను అరిచారు. పంతులు వైపు తిరిగారు. "ఏం చూస్తారు, ముద్ర వెయ్యండి!"

"ప్రభువులు కాదన్నారండి" అన్నాడు పంతులు. "ఊరకుంటే సరేనన్న చట్టమేనండి ఇదీను. నా చేత్తో నేను వెయ్యనండి."

ఆ నెలలోనే పేరిందేవి బిల్లు గెలిచింది. ఇక గద్దెను అడిగే పని లేదు. ముందు నిందపడ్డ మనిషి మాట వినాలి, తర్వాత సభ నోరు విప్పి సరేననాలి.

కొత్త చట్టం కింద వచ్చిన మొదటి కాగితం ఎవరిదనుకున్నారు? పదవి ఊడిన రంగభూపతిగారిదే. ఆయన లేచి నిలబడ్డారో లేదో, "వినేదేంటి, సరే, సరే, వేసెయ్యండి!" అని సభలోని నలభైమందీ ఒక్క గొంతుతో కేకలు. ఖాళీ గద్దెకు కూడా నేను అంత భయపడలేదు. లక్క కరిగి కాగితం మీద పడింది, పంతులు నన్ను ఎత్తాడు.

పేరిందేవి పరుగున వచ్చి ఆ వేడి లక్క మీద అరచెయ్యి పెట్టేసింది.

"అయ్యో! నిన్ను తరిమెయ్యబోయినవాడే కదమ్మా!" అన్నాడు పంతులు.

"అందుకేనండి" అంది, నొప్పికి పళ్ళు బిగబట్టి. చెయ్యి మాత్రం తియ్యలేదు.

కేకలు ఒక్కొక్కటే అణిగాయి. రంగభూపతిగారు నోరు తెరిచారు. మాట పెగల్లేదు. అప్పుడావిడ ఆయనకు మంచినీళ్ళు తెప్పించి, "తొందరేం లేదు, చెప్పండి" అంది.