కోటలో ఒక్క గది

మా ఆయనతో ఓ గంటసేపు ఒంటరిగా మాట్లాడాలంటే ఎనభై కిలోమీటర్లు వెళ్ళాలని పెళ్ళైన ఎనిమిదేళ్ళకి నాకు అర్థమైంది.

మాది దెందులూరు. ఇంట్లో ఉండేది నలుగురం. మా అత్తయ్య హన్నమ్మ, మా ఆయన నెల్సన్, నేను, ఆరేళ్ళ మా తేజస్వి. గదులు రెండున్నా తలుపు ఒక్కదానికే ఉంది. అది కూడా వేయనివ్వదు అత్తయ్య, గాలాడదంటుంది. నెల్సన్ నరసింహరాజు గారి చేపల చెరువులు చూస్తారు. సాయంత్రం ఐదింటికి వెళ్తే గట్టు మీది షెడ్డులోనే పడుకుని, పొద్దున మేత వేయించి తొమ్మిదింటికి ఇంటికొస్తారు. నేనేమో ఎనిమిదిన్నరకే ఏలూరులో ప్రైవేటు స్కూలుకి బస్సెక్కేస్తాను, ఐదున్నరకి దిగుతాను. మేమిద్దరం తీరిగ్గా ఎదురుపడేది ఆదివారం, అదీ చర్చిలో. ఆయన మగవాళ్ళ వైపు, నేను ఆడవాళ్ళ వైపు.

ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చాను. కానీ ఇప్పుడు నాకా గంట కావాల్సొచ్చింది. డీఎస్సీ మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాను. కామవరపుకోట అవతల ఓ పల్లెలో గవర్నమెంటు బడి ఇచ్చారు. రోజూ వెళ్ళి రావడం కుదరదు, అక్కడే ఇల్లు తీసుకోవాలి. ఆర్డరు వచ్చిన రోజు అత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. లేచేసరికి నిర్ణయం కూడా చేసేసింది. నేనక్కడ గది తీసుకుని ఉండాలి, శనివారం వచ్చి ఆదివారం ఆరాధన చూసుకుని మళ్ళీ వెళ్ళాలి. పిల్ల మాత్రం తన దగ్గరే ఉంటుంది.

"ఒక్కదానివీ ఆ మెట్టలో ఉద్యోగం చేసుకుంటూ పిల్లనేం చూస్తావమ్మాయ్? నేను లేనూ?" అంది.

ప్రేమగానే అంది. వచ్చిన చిక్కంతా అదే, కోపంగా అని ఉంటే దెబ్బలాడేదాన్ని. ముప్ఫైమంది పిల్లల్ని చూసుకోగలనని ప్రభుత్వం నమ్మి ఆర్డరిచ్చింది. నా ఒక్క పిల్లని చూసుకోగలనని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తేజస్వి నాతో రావాలి, నేను చెప్పే బడిలోనే ఒకటో తరగతిలో కూర్చోవాలి. నాకు కావాల్సింది ఇంతే. దానికి వాళ్ళ నాన్న సరేననాలి.

నెల్సన్ చాలా మెత్తని మనిషి. ఏం చెప్పినా ఊఁ అంటారు, ఆనక వాళ్ళమ్మనడుగుతారు. ఫోన్లో ఓసారి చెప్పి చూశాను. "నువ్వన్నది నిజమే" అన్నారు. నేను బస్సు దిగి ఇంటికొచ్చేలోపు అత్తయ్యకి ఫోనొచ్చేసింది. ఆవిడ పిల్లని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ పూట అన్నం వడ్డిస్తుంటే నేనే ఏదో తప్పు చేసినదానిలా అయిపోయాను.

అందుకని కొండపల్లి కోట. చిన్నప్పుడు మా స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు. కొండ మీద ఎత్తైన గోడలు, పైకప్పు కూలిపోయిన గదులు, ఒకదాని వెనక ఇంకొకటి. అన్ని గదుల్లో ఒక్కటి మాకు దొరకదా అనుకున్నాను. నేనూ నెల్సనూ పాపా, ముగ్గురమే. ఏలూరులో పొద్దున్నే రైలెక్కి, విజయవాడలో మారి, కొండపల్లిలో దిగి, ఆటోలో పైకి వెళ్ళాలి. పాప గోడల మధ్య ఆడుకుంటూ ఉంటే నేను ఆయన్ని ఓ మూల కూర్చోబెట్టి అడగాలి. సరే అన్నాక ఆ మాట చల్లారకముందే ఆయన చేతే పాప టీసీ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. కాగితం ముందే తెచ్చి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం జాయినవ్వాలి కాబట్టి ముందొచ్చే రెండో శనివారం ప్రయాణం. నరసింహరాజు గారిని కూడా నేనే బతిమాలి ఆయనకి ఒకరోజు సెలవు ఇప్పించాను.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను చేసిన తెలివితక్కువ పని ఇక్కడే.

మా ఇంట్లో జిల్లా దాటి ఎవరు వెళ్ళినా ప్రార్థన లేకుండా గడప దాటరు. అత్తయ్య పరీక్షలకీ ప్రయాణాలకీ ఆపరేషన్లకీ ఒకే రకంగా చీటీ రాస్తుంది. చర్చి గుమ్మం దగ్గర ప్రార్థన మనవులు వేసే పెట్టె ఉంటుంది. అందులో వేసినవన్నీ మా పాస్టరు జ్ఞానయ్య గారు మైకులో చదివి, ఒక్కొక్కదానికీ ప్రార్థన చేస్తారు. చీటీ వెయ్యకుండా వెళ్ళామంటే దారిలో టైరు పంచరైనా సరే ఆ నేరం నాదే. సరే, ఆవిణ్ణి మంచి చేసుకున్నట్టూ ఉంటుందని నేనే నా చేతులతో రాసి వేశాను, శనివారం కొండపల్లి కోట చూడ్డానికి నెల్సన్ గారి కుటుంబం వెళ్తోంది, ప్రయాణం క్షేమంగా జరగాలని.

ఆదివారం అయ్యగారు అది చదివి, కళ్ళజోడు తీసి, చిరునవ్వు నవ్వారు. స్త్రీల సమాజం వాళ్ళు ఈ ఏడాది ఎక్కడికీ వెళ్ళలేదు కదా, అందరూ కలిసి వెళ్తే ఎంత బాగుంటుందీ అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి గుసగుసలు లేచాయి. ప్రార్థన అయ్యేసరికి మా ముగ్గురి ప్రయాణం పద్దెనిమిది మందిదైంది.

కాదనడానికి నాకు నోరు రాలేదు. ఏమని చెప్పను? మా అత్తగారికి తెలియకుండా మా ఆయనతో మాట్లాడుకోవాలండీ, మీరెవరూ రాకండి అని చెప్పనా?

ఆ వారమంతా మా వసారాలో కొలువే. అత్తయ్య నోటుబుక్కు పట్టుకుని కూర్చుంది. టెంపో ఎవరు మాట్లాడాలి, గుండిగ ఎవరిది, పులిహోరా బిర్యానీయా, పెరుగన్నం ఎవరింట్లో కలపాలి, చాపలెన్ని కావాలి. మోకాళ్ళ నొప్పితో చర్చి మెట్లే ఎక్కలేని మనిషి కోట ఎక్కుతానని తయారైంది. కొండ మీద దాకా రోడ్డుందని నేనే చెప్పానట. తాడేపల్లిగూడెం నుంచి మా ఆడపడుచు ప్రసన్నకుమారి ఫోన్ చేసి, "వదినా, నాకు చెప్పకుండానే వెళ్ళిపోదామనుకున్నారా" అని నిష్ఠూరమాడి, శుక్రవారం సాయంత్రమే బ్యాగుతో దిగిపోయింది. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. కళ్ళనీళ్ళు ఉల్లిపాయల వల్లేననుకున్నారు అందరూ, నాకు అదొక్కటే మేలు జరిగింది ఆ వారంలో.

శనివారం పొద్దున టెంపోలో మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. నెల్సన్‌ని డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. దారి పొడుగునా ఆయన మెడ వెనక భాగం చూస్తూ వెళ్ళాను. పాప నా ఒళ్ళోంచి జారి వాళ్ళ నాయనమ్మ ఒళ్ళోకి వెళ్ళి పడుకుంది. హనుమాన్ జంక్షన్ దాటాక అందరూ పాటలు అందుకున్నారు. నేనూ పాడాను, పాడకపోతే ఒంట్లో బాలేదా అని అడుగుతారని.

కోట నేను చిన్నప్పుడు చూసినట్టే ఉంది. దిగీ దిగగానే నెల్సన్ చేతికి మంచినీళ్ళ క్యాను ఇచ్చారు. దాన్ని దించగానే గుండిగ పట్టమన్నారు. అది అయ్యాక అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని గోడలు చూపిస్తూ తీసుకెళ్ళారు. నేను ఒక అడుగు వెనకే నడిచాను. చివరికి అయ్యగారు ఫోనొచ్చి పక్కకెళ్ళడంతో, నెల్సన్ చెయ్యి పట్టుకుని పక్కనున్న గదిలోకి లాగాను. నాలుగు గోడలు, పైన ఆకాశం. ఎవరూ లేరు.

"ఏవండీ, పాపని నాతో తీసుకెళ్తాను. మీరు ఒక్కసారి సరేనని చెప్పండి చాలు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. ఎన్నాళ్ళకో అలా చూడడం. "నాకూ అదే మంచిదనిపిస్తోంది జాయ్సీ" అన్నారు. నేను హ్యాండ్‌బ్యాగు జిప్పు తీశాను. "అమ్మకి ఎలా చెప్పాలో..." అంటుండగానే ప్రసన్నకుమారి గుమ్మంలోకొచ్చి, ఇక్కడ వెలుతురు బాగుందంటూ వెనక్కి తిరిగి అందర్నీ పిలిచింది. గది నిండిపోయింది. పద్దెనిమిది మంది నిలబడి ఫోటో దిగాం. ఆ ఫోటోలో నా చెయ్యి ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

భోజనాలయ్యాక చాపల మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. సాక్ష్యాలు చెప్పమన్నారు అయ్యగారు. ఒక్కొక్కరే లేచి తమకి జరిగిన మేలు చెప్పుకోవాలి. సాక్ష్యం చెప్పేవాళ్ళకి ఎవరూ అడ్డు తగలరు, అది మా దగ్గర పద్ధతి. ఆ సంగతి అప్పుడు తట్టింది నాకు. ఇంట్లో ఒక్క మాట పూర్తిగా అననివ్వని వాళ్ళు ఇక్కడ చచ్చినట్టు వినాలి. లేచి నిలబడ్డాను.

ఉద్యోగం ఇచ్చిన దేవుడికి వందనాలు చెప్పాను. తర్వాత ఎవరి వంకా చూడకుండా అసలు మాట చెప్పేశాను. "సోమవారం జాయినవుతున్నానండి. నా బిడ్డని నాతో తీసుకెళ్ళాలని ఉంది. వదిలి ఉండలేను. మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకునేలా మీరందరూ ప్రార్థన చెయ్యండి."

అని కూర్చున్నాను. ప్రాణం ఎంతో తేలికైపోయింది. చెప్పేశాను. పద్దెనిమిది మంది విన్నారు. ఇంక ఎవరూ దీన్ని వసారాలో మడిచి దాచలేరు.

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా. పక్కవాళ్ళు ఆవిడ వీపు నిమిరారు. పాప వెళ్ళి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. నెల్సన్ తల దించుకుని చాప పుల్లలు లాగుతూ ఉండిపోయారు. అయ్యగారి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. లేచి, అందర్నీ కళ్ళు మూసుకోమన్నారు.

"ప్రభువా, బిడ్డని విడిచి వెళ్ళవలసి వచ్చిన ఈ తల్లి బాధ నీకు తెలుసు. ఆ బాధని ఆమె హృదయంలోంచి తీసెయ్యి తండ్రీ. ఈ వయసులో కూడా మనవరాలి భారం సంతోషంగా మొయ్యడానికి ముందుకొచ్చిన మా హన్నమ్మ గారికి ఆరోగ్యాన్నియ్యి. అటువంటి అత్తగారిని ఇచ్చినందుకు మా చెల్లి జాయ్సీ తరఫున నీకు స్తోత్రాలు."

కళ్ళు తెరిచాను. అందరూ మూసుకునే ఉన్నారు. అయ్యగారు నన్ను మోసం చెయ్యలేదు, మనసారా చేస్తున్నారు. నేనడిగింది ఆయన చెవిన పడింది కానీ, పిల్లల్ని నాయనమ్మలు పెంచుతారు, తల్లులు ఏడుస్తారు, దేవుడు ఓదారుస్తాడు, అంతకుమించి ఇంకో దారి ఉంటుందని ఆయనకి తోచలేదు. ఆపండి అనాలి నేను. ప్రార్థన మధ్యలో ఎవరైనా ఆపగలరా?

ప్రార్థన ముగిసింది. ఆమెన్ అన్నారు అందరూ. నెల్సన్ కూడా అన్నారు, నెమ్మదిగా, తల ఎత్తకుండా. నేను పెదవులు బిగించుకున్నాను.

నాయనమ్మ ఒళ్ళో కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించి, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నా కూతురు. ఎంత బుద్ధిగా చెప్పిందో చూడండని అందరూ దాన్ని ముద్దు చేశారు.