భోజనం ముందు ప్రార్థన

రొయ్యలు ఒలిచేటప్పుడు నేను ఎక్కువ మాట్లాడతానని మా ఆయన అంటారు. నిజమే కావచ్చు. వీపు చీల్చి నల్లనరం లాగడానికి చేతులు చాలు, నోటికి పని ఉండదు. అందుకే మొన్న సాయంత్రం మా మరిది జాన్సన్ పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "చెప్పండొదినా, మన నాగాయలంక కబుర్లేంటి?" అంటే సంతోషం వేసింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక వంటింట్లో కూర్చుని నా మాట విన్న మగవాడు అతనొక్కడే. ఫోను బియ్యం డబ్బాకి ఆనించి పెట్టుకున్నాడు. వాళ్ళావిడ చేస్తుందేమో అనుకున్నాను.

జాన్సన్ ఉండేది మెల్బోర్న్‌లో. అక్కడ ఒక తెలుగు రేడియోలో చేసేవాడు. అది పోయాక సొంతంగా యూట్యూబు ఛానల్ పెట్టాడు. ఇక్కడి రాజకీయాలూ మతాల గొడవలూ అక్కడివాళ్ళకి చెబుతుంటాడు.

ఆ సాయంత్రం కబుర్లలో పక్కింటి ఉమాదేవి సంగతీ వచ్చింది. శుక్రవారాలు మా వరండాలో ప్రార్థన కూడిక జరుగుతుంది, చిన్న మైకు పెట్టేవాళ్ళం. ఉమక్క వాళ్ళ అత్తగారికి తుంటి ఆపరేషనైన కొత్తలో ఆవిడ గేటు దగ్గర నిలబడి, ముసలావిడకి నిద్ర పట్టడం లేదు, మైకు ఆపుకోండి శాంతీ అంది. తీసేశాం. ఇప్పటికీ పెట్టడం లేదు. ఆ అత్తగారు లేచి తిరుగుతున్నా పెట్టడం లేదు, ఎందుకంటే మైకు లేకపోతేనే ఒకరి పాట ఒకరికి వినబడుతోంది. మా అమ్మాయి దీవెన పదో తరగతి పరీక్షలప్పుడు శ్రీరామనవమి పందిరి మైకును మా కిటికీ వైపు నుంచి అటు తిప్పించింది కూడా ఉమక్కే. ఇదంతా చెప్పాను, నవ్వుతూనే చెప్పాను.

ఇవాళ ఆదివారం. ఆరాధన నుంచి వచ్చి అన్నం వారుస్తుంటే గుడివాడ నుంచి జాన్సన్ స్నేహితుడు వరుణ్ కారులో వచ్చాడు. అతనుండేదీ మెల్బోర్న్‌లోనే, అతనిదీ ఛానలే, కానీ ఎదుటి పక్షం. వాళ్ళిద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం ఫోనులో చూసి నేను బాధపడ్డాను. ఇద్దరూ సమాధానపడాలని మా స్త్రీల సమాజంలో ప్రార్థన కూడా పెట్టించాను. ఇప్పుడు చూస్తే భుజాల మీద చేతులేసుకుని లోపలికి వచ్చారు.

"మీవాళ్ళు ఈసారి ఉగాది వేరే హాల్లో చేశారంట కదరా," అన్నాడు జాన్సన్.

"వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తే ఏం చేస్తార్రా మరి? అయినా నువ్వు నన్ను మతోన్మాది అన్నాక నాకు జనం బాగా పెరిగారు. ఈసారి ఇంకాస్త గట్టిగా తిట్టు."

"నువ్వూ తగ్గకు. ఇన్నేళ్ళు రేడియోలో మర్యాదగా మాట్లాడితే నేనెవడో ఎవడికీ తెలీలేదు. ఈ వీడియో పేలితే ఉన్న చిన్న ఉద్యోగం కూడా మానేసి పూర్తిగా దీంట్లోకే దిగిపోతా."

"మా ఆవిడ గొడవ చేస్తందిరా. మా వాణ్ణి మీ పిల్లలు పుట్టినరోజుకి పిలవలేదంట."

"పిల్లలదేముందిరా, మర్చిపోతారు."

నేను కంచాలు పెడుతున్నాను. "వదినా, ఇటు రండి. మీ గొంతు ఎంత బాగా వచ్చిందో చూడండి," అని జాన్సన్ ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

ఉమక్క ఫొటో. దాని మీద ఎర్ర అక్షరాలతో ప్రార్థన మీద నిషేధమని రాసి ఉంది. దీవెన నిశ్చితార్థం నాడు మేమిద్దరం పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో అది. నన్ను కోసేశారు. ఆవిడ భుజం మీద నా చెయ్యి మాత్రం మిగిలింది. వెనక నుంచి నా గొంతు వినబడుతోంది. "గేటు దగ్గర నిలబడి మైకు ఆపుకోండి అంది. తీసేశాం. ఇప్పటికీ పెట్టడం లేదు." ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అన్నీ నావే.

"మిగతాదేది జాన్సన్? ఆపరేషను సంగతేది?"

"జనం అంతసేపు వినరొదినా."

"ఇది రాగానే నేను నా ఛానల్లో ఆవిడ తరఫున దిగుతానండి," అన్నాడు వరుణ్, ధైర్యం చెబుతున్నట్టు. "మీరేం బాధపడకండి."

"ఉమక్కని అడిగారా? పోనీ నన్ను అడిగారా?"

మా ఆయన అప్పటికే కూర్చున్నారు. "నీకెందుకే ఇయ్యన్నీ? నీ పేరు రాదులే. వాడి కెరీరది. కూర చల్లారిపోద్ది."

"భోంచేసి పెట్టేస్తానన్నయ్యా. అక్కడ సాయంత్రమవుద్ది, అందరూ ఖాళీగా ఉంటారు," అన్నాడు జాన్సన్.

అన్నం తినేలోపు ఉమక్క బతుకు మారిపోబోతోంది. రేపు ఆవిడ గేటు దగ్గర ఎవరెవరో ఫోన్లు పట్టుకుని నిలబడతారు. కొందరు తిట్టడానికి, కొందరు మెచ్చుకోవడానికి. ఆ ముసలావిడకి మళ్ళీ నిద్ర ఉండదు. గోడకి ఇటు పక్క నేను గిన్నెలు తోముకుంటూ ఉంటాను. నా గొంతు అటు పక్క వినబడుతూ ఉంటుంది.

"ప్రార్థన చెయ్యి," అన్నారు మా ఆయన. "చిన్నదిగా."

మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన నాదే. మా అత్తగారు జ్ఞానమ్మ గారు పోయాక ఇడ్లీ పాత్రతో పాటు అదీ నాకొచ్చింది. "మా వదిన ప్రార్థనలో గొప్పేంటంటే, అన్నం మీద ఆవిరి పోకముందే అయిపోద్ది," అని జాన్సన్ వరుణ్‌కి చెప్పాడు. అందరూ నవ్వి, తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. వరుణ్ కూడా మర్యాదగా చేతులు జోడించాడు.

నేను గరిటె పక్కన పెట్టి నిలబడ్డాను. తలలు వంచుకున్న ముగ్గురు మగవాళ్ళను చూశాను. అప్పుడు తట్టింది. నేను మాట్లాడుతుంటే ఈ ఇంట్లో ఎవరూ అడ్డు రాని చోటు ఇదొక్కటే. ఆమెన్ అనేదాకా కంచంలో చెయ్యి పెట్టరు, లేవరు, నీకెందుకే అనరు. ఇంత కాలం ఈ చోటు నా చేతిలోనే ఉంది, నేనేమో మా ఆయన దగ్గు వినబడగానే ముగించేస్తూ వచ్చాను. మనుషులకు వినిపించాలని ప్రార్థన చేయకూడదని మా చర్చి అయ్యగారు చెబుతారు. మరి ఇన్నాళ్ళూ నేను చేసింది ఎవరికోసం? ఆ సంగతి ప్రభువే చూసుకుంటాడని కళ్ళు మూసుకున్నాను.

"పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఆహారానికి నీకు స్తోత్రం. పక్కింటి ఉమక్కకోసం ప్రార్థిస్తున్నాను. ఆమె మైకు ఎందుకు ఆపమందో నీకు తెలుసు, నాకు తెలుసు. జాన్సన్‌కీ తెలుసు, ఎందుకంటే రొయ్యలు ఒలుస్తూ అంతా నేనే చెప్పాను. అతను నా మాటల్లో తనకు కావలసినవి ఏరుకుని, మిగతావి తీసి పారేశాడు. ఈ వరుణ్‌కోసం, దూరదేశంలో ఒకరితో ఒకరు మాట్లాడుకోని వీళ్ళ పిల్లలకోసం ప్రార్థిస్తున్నాను."

ఒక దగ్గు వినబడింది. మా ఆయనది.

"అన్నీ తెలిసీ కూర చల్లారిపోద్దన్న నా భర్తకోసం ప్రార్థిస్తున్నాను. తండ్రీ, నా మరిది ఆ వీడియో ఉన్న ఫోను నా చేతికిచ్చి తీసేయమనేదాకా నేను నీ సన్నిధిలో ఇలాగే నిలబడతాను. ఆమెన్ అనను."

రెండో దగ్గు, కాస్త గట్టిగా. ఎవరిదో కుర్చీ కదిలింది. ఎవరిదా అని నేను చూడలేదు. కళ్ళు తెరిస్తే అయిపోయిందనుకుంటారు.

"వదినా," అన్నాడు జాన్సన్ మెల్లగా. "అన్నం చల్లారిపోతందొదినా."

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని నేను మళ్ళీ మొదలుపెట్టాను.