ఏడు దెబ్బల రూలు

దుబాయిలో తొమ్మిదేళ్లు గుర్రపుశాలలో పని చేసి పులివెందులకు తిరిగొచ్చిన నాసిర్‌ను, జమ్మలమడుగు గుర్రప్పందేల కమిటీ పిలిచి మరీ ఒక పని అప్పగించింది. దెబ్బలు లెక్కపెట్టడం!

కిందటేడు గుర్రాలను చావబాదిన వీడియో ఊరూరా తిరిగి కమిటీ పరువు తీసింది. అందుకే ఈసారి రూలు పెట్టారు: రౌతు చెర్నాకోలతో ఏడు దెబ్బలకు మించి కొట్టకూడదు. ఆ ముక్కను ఫ్లెక్సీ మీద చిన్నగా, కమిటీ సభ్యుల నవ్వుముఖాలను పెద్దగా అచ్చువేయించారు.

నాసిర్ మాత్రం రూలును నిజంగానే నమ్మాడు. ముందురోజే వచ్చి, పందెం జరిగే పెన్న ఇసుకలో తిరిగి, ఎక్కడ నిలబడితే రౌతు చెయ్యి బాగా కనబడుతుందో చూసుకున్నాడు.

పందెంలో చివరిదాకా పీర్ సాహెబ్ ఎర్రగుర్రమే ముందుంది. పీర్ సాహెబ్ గుర్రాలకు నాడాలు కొట్టే ముసలాయన. రౌతు ఆయన అల్లుడు షోయబ్. ఏడో దెబ్బ పడగానే షోయబ్ చెర్నాకోలను చంకలో పెట్టేసుకున్నాడు. వెనకనుంచి భానుప్రకాష్ తెల్లగుర్రం ఫెళఫెళా దెబ్బలు తింటూ వచ్చి, మూరెడు ముందు గీత దాటింది. భానుప్రకాష్ ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి, పైగా కమిటీ అధ్యక్షుడు.

నాసిర్ పుస్తకంలో రాశాడు: తెల్లగుర్రం, పద్దెనిమిది.

షామియానా వెనక కమిటీ కూర్చుంది.

"పద్దెనిమిదా? సరిగ్గా చూసినావా నాసిర్?" అన్నాడు భానుప్రకాష్.

"చూసినా సార్. గుర్రం ఒళ్లు చూడండి, వాతలు తేలినాయి."

"అట్ల గాదప్పా. గట్టిగా తగిలితేనే దెబ్బ. తక్కినవి అదిలింపులు."

కమిటీలోని లాయరు బదరీనారాయణ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "అంత దూరం ఎందుకు? రౌతు కొట్టగూడదని రాసినాం. గుర్రం గెలవగూడదని యాడా రాయల్యా. తప్పు రౌతుది, గెలుపు గుర్రానిది. రౌతును వారం రోజులు పందేలకు రానీకుండా చేద్దాం."

"మళ్ల పందెం ఎప్పుడు సార్?" అడిగాడు నాసిర్.

"వచ్చే ఏడాది. అయితే మాత్రం? శిక్ష శిక్షే గదా!"

వాతలు కనపడకుండా తెల్లగుర్రానికి జరీ శాలువా కప్పారు. భానుప్రకాష్ కప్పు అందుకుని, నోరులేని జీవాల మీద దయ గురించి అరగంట మాట్లాడాడు. నిష్పక్షపాతంగా లెక్కపెట్టినందుకు నాసిర్‌కూ ఒక శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు.

నాసిర్ తిన్నగా పీర్ సాహెబ్ దగ్గరికి వెళ్లాడు. ముసలాయన ఎర్రగుర్రానికి నీళ్లు పెడుతున్నాడు.

"మామా, నేను ఉన్నదే రాసినా. వాళ్లే..."

"నీ తప్పేముందప్పా! మాకే రూలు అర్థం గాలే. వచ్చే ఏడు షోయబ్‌ను ఇరవై కొట్టమంటా. వారం రోజులు ఇంట్లో కూసుంటాడు, అంతే గదా."

నాసిర్ వెళ్లి లెక్కల పుస్తకం భానుప్రకాష్ చేతిలో పెట్టేశాడు.

"అలగొద్దప్పా!" అని నవ్వాడాయన. "వచ్చే ఏడు నీకీ శ్రమ లేకుండా చేస్తాంలే. ఎవురి దెబ్బలు వాళ్లే రాసిస్తారు."

నాసిర్ శాలువా మడిచి ఆయన కుర్చీ మీద పెట్టి, పులివెందుల బస్సెక్కాడు.