పెళ్లికని చెప్పి తెప్పించిన ఐసు

హలో... ఆఁ, వినపడుతోందాండీ? అందరూ బాగున్నారా? భోజనాలయ్యాయా? అయితే కాస్త స్థిమితంగా కూర్చోండి. రొయ్యల చెరువు గట్టు మీద జరిగిన కథ ఒకటి చెప్తాను. చెరువు లేనివాళ్లు ఫోను పెట్టెయ్యకండి. ఇంట్లో కాసింత బంగారమో, ఫోన్లో నాలుగు షేర్లో ఉన్నా ఈ గొడవ మీకూ తగిలేదే.

దెందులూరు నుంచి కొల్లేరు వైపు దిగితే ఏలీయా చెరువు వస్తుందండి. వనామీ రొయ్య వేస్తాడు. కష్టపడే మనిషే, మాటిస్తే తప్పడు. కానీ అనుమానం మాత్రం ఒంట్లో రక్తంతో పాటే తిరుగుతుంటుంది. చర్చిలో చందా పళ్లెం వెనక్కొచ్చేదాకా కళ్లు మూసి ప్రార్థన చెయ్యడని వాళ్లావిడ ప్రభావతి అంటుంది.

ఆ అనుమానంలో సగానికి పైగా అమరేశ్వరరావు గారికే పోయేది. ఈ రావు గారు ఏలూరాయన. రైతుల దగ్గర రొయ్య కొని కంపెనీకి పంపే ఏజెంటు, తనకీ ఓ చెరువుంది. కంపెనీ వాళ్లు దాన్ని గడ్డ కట్టించి అమెరికాకి ఓడెక్కిస్తారు. రావు గారిది మెత్తటి నోరు. రేటు దించేటప్పుడు ఇంకా మెత్తగా అయిపోతుంది.

"నా చేతుల్లో ఏముందండీ ఏలీయా గారూ, రాత్రి అమెరికా పెద్ద బ్యాంకు వడ్డీ సంగతేదో చెప్పిందంట. కంపెనీ రేటు దించేసింది."

"ఆళ్ల వడ్డీకీ నా రొయ్యకీ ఏం చుట్టరికమండీ?"

"చుట్టరికమేనండీ. మధ్యలో డాలరు మేనమామ."

ఏలీయాకి ఆ మేనమామ మీద నమ్మకం లేదు. ఎందుకంటే, పోయిన పంటకి ఒకటి జరిగింది. మా వైపు రొయ్య పట్టాలంటే ముందు ఐసు చెప్పుకోవాలండి. రొయ్య నీళ్లలోంచి పైకొచ్చాక ఐసు తగలకపోతే కాసేపట్లో పాడైపోద్ది. చాలా చోట్ల ఆ ఐసు ఏజెంట్లే తెస్తారు. ఏలీయా మాత్రం, వాళ్ల ఐసు వస్తే వాళ్ల మాటే చెల్లుద్దని, తన ఐసు తనే చెప్పుకుంటాడు. అలాగే ఏలూరులో తాతాజీ ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేసి చెప్పాడు. తెల్లారేసరికి రేటు పడిపోయింది. ఐసు చెప్పినవాడు వెనక్కి తగ్గలేడు కదండీ, ఎంతకైనా అమ్మాల్సిందే.

ఇంకేముంది, ఏలీయా బుర్రలో లెక్క తేలిపోయింది. తాతాజీ పోయి రావు గారి చెవిలో ఊదాడు. ఇద్దరూ ఒకటే. అమెరికా అన్నది మధ్యలో కట్టిన తెర.

అందుకని ఈ పంటకి వేరే ఎత్తు వేశాడు. బావమరిది ఏసుకుమార్ తాడేపల్లిగూడెంలో ఉంటాడు. అక్కడి నుంచి ఐసు తెప్పించాలి, ఎవరడిగినా పెళ్లికని చెప్పాలి.

"బావగారూ, వ్యాను నిండా ఐసు పెళ్లికంటే ఎవరు నమ్ముతారండీ? పెళ్లికొడుకుని అందులో పెడతారా అనడుగుతారు" అన్నాడు ఏసుకుమార్.

"వేసవి పెళ్లని చెప్పు. కూల్‌డ్రింకులని చెప్పు. రొయ్య అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు, అంతే."

ఇంతలో పక్క చెరువు గోపీనాథ్‌కి వైట్ స్పాట్ తగిలింది. ఆ తెగులు రొయ్యకి వచ్చిందంటే చెరువంతా ఊడ్చుకుపోద్ది. అది మన గట్టు దాటకముందే రొయ్య పట్టెయ్యాలి. సంవత్సరం గడిచేది ఈ పంట మీదే. ప్రభావతి రోజూ చెరువులో వేలాడదీసిన చెక్ ట్రే పళ్లెం ఎత్తి, వెలుతురుకి రొయ్యని పట్టుకుని మచ్చ కోసం చూస్తూనే ఉంది.

మంగళవారం రావు గారే ఫోను చేశారు.

"ఏలీయా గారూ, రేపు సాయంత్రం అమెరికాలో ధరల లెక్క చెప్తారండీ. సరుకుల ధరలు ఎంత పెరిగాయో ఆ లెక్క. అది చూసే వాళ్ల బ్యాంకు వడ్డీ సంగతి తేలుస్తుంది. ఎటు పోద్దో తెలీదు. ఈలోపే పట్టెయ్యండి. ఇవాళ రేటుకి నాదీ మాట."

చూశారా! కొనేవాడికి ఇంత తొందరెందుకండీ? రేపు పెరుగుద్దని తెలిసే ఇవాళ లాగేసుకుందామని చూస్తున్నాడు. ఏలీయా నవ్వుకున్నాడు. "సైజు రాలేదండీ ఇంకా" అని ఫోను పెట్టేశాడు.

"పట్టెయ్యొచ్చు కదండీ" అంది ప్రభావతి. "గోపీనాథ్ చెరువు మీంచి కొంగలు మన చెరువులోకే వస్తున్నాయి, ఆ తెగులు మోసుకొస్తాయి."

"ఒక్క రోజు ఆగు. ఆయన భయం చూస్తే తెలీట్లా?"

బుధవారం సాయంత్రం టీవీ ముందు కూర్చున్నాడు. అమెరికాలో ధరలు అనుకున్నంత పెరగలేదంట. ఇక వడ్డీ తగ్గిస్తారంట. బంగారం లేచింది, అమెరికా షేర్లు లేచాయి, రేపు మనవీ లేస్తాయని చెప్తున్నారు. చెప్పేవాళ్ల మొహాలు కొత్త పెళ్లికూతుళ్లలా వెలిగిపోతున్నాయి.

"చూశావా! లోకమంతా పైకెళ్తుంటే నా రొయ్య ఒక్కటే కిందుంటుందా?" అని అప్పటికప్పుడు ఏసుకుమార్‌కి ఫోను కొట్టాడు. "పొద్దున్నే పంపించెయ్ ఐసు."

గురువారం తెల్లారకుండానే వ్యాను గట్టెక్కింది. వల లాగే మనుషులొచ్చారు. అప్పుడు రావు గారికి ఫోను చేశాడండి, గొంతులో కొంచెం గీర కూడా పెట్టుకుని.

"ఏవండీ, ఇవాళ రేటెంత?"

"దిగిందండీ. అన్ని కౌంట్లకీ, పెద్ద రొయ్యకీ చిన్న రొయ్యకీ కూడా. తెల్లవారుజామునే కంపెనీ మెసేజ్ వచ్చింది."

ఏలీయాకి ఒళ్లు మండిపోయింది. "తాడేపల్లిగూడెంలో కూడా మీకు మనుషులున్నారాండీ?"

"తాడేపల్లిగూడెం ఏంటండీ?"

ఫోను పెట్టేసి ఆకివీడులో ఇంకో ఏజెంటుకి కొట్టాడు. అదే దిగుడు. ఆయనకి ఏలీయా ఎవరో తెలీదు, ఐసు సంగతి అంతకన్నా తెలీదు. ఏలీయా వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. వ్యాను కిందనుంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. చెక్ ట్రే దగ్గర ప్రభావతి ఒక రొయ్యని తిప్పి తిప్పి చూస్తోంది. మచ్చ ఇంకా లేదు. రేపుంటుందో ఏమో.

అంతలో బండి మీద రావు గారే వచ్చేశారు. వ్యాను చూశారు, దాని మీద తాడేపల్లిగూడెం పేరు చూశారు, ఏలీయా మొహం చూశారు.

"పెళ్లికండీ" అంది ప్రభావతి చురుగ్గా. "మీరూ రండి, విందుంది."

"టీవీలో అందరూ నవ్వుతున్నారు కదండీ రావు గారూ! మీరు రేటు దించుతారేంటి?" అన్నాడు ఏలీయా.

రావు గారు చెప్పులు విప్పి పక్కనే కూర్చున్నారు. "కంపెనీకి డబ్బులొచ్చేది డాలర్లలో. మనకిచ్చేది రూపాయల్లో. అక్కడ వడ్డీ తగ్గుద్దంటే డాలర్లు పట్టుకున్నోళ్లు వాటిని వదిలేసి మన షేర్లు కొంటారు, బంగారం కొంటారు. వాళ్ల నవ్వు అదండీ. డాలరు మెత్తబడుద్ది. అప్పుడు అదే డాలరుకి కంపెనీకి తక్కువ రూపాయలొస్తాయి. వాళ్ల పండగ మన చెరువుకి పండగ కాదండీ."

ఏలీయా ఆయన కళ్లలోకి చూశాడు. "మరి మీ చెరువు?"

"మంగళవారమే పట్టేశాను."

"అదీ! మీకు ముందే తెలుసన్నమాట!"

"ముందే తెలిస్తే రొయ్యలెందుకండీ పెంచుతాను, ముంబైలో మేడ మీద కూర్చోనూ? తెలీదు కాబట్టే పట్టేశాను. మీకూ అదే చెప్పాను కదండీ."

ఆ మాట నిజమే. తాతాజీని ఎన్నెన్ని అనుకున్నాడు! వల దింపమని చెయ్యూపాడు. సాయంత్రానికి చెరువు ఖాళీ అయింది, దిగిన రేటుకే. కాటా దగ్గర నిలబడి ఒక్కటి మాత్రం అడిగాడు.

"డాలరు గోరంత కదిలిందని టీవీలో నేనే చూశానండీ. రేటు జానెడెందుకు దిగింది?"

రావు గారు కాటా ముల్లు చూసి బరువు రాసుకున్నారు.

కొన్ని వారాలు పోయాయి. ఈసారి అమెరికా ధరల లెక్క ఎక్కువొచ్చింది. వడ్డీ తగ్గదన్నారు. షేర్లు పడ్డాయి, టీవీవాళ్ల మొహాలు మాడిపోయాయి, డాలరు లేచింది. ఏలీయా చెరువు ఎండబెట్టి ఉంది, ఒక్క రొయ్య లేదు. అయినా పొద్దున్నే ఫోను చేశాడు.

"రావు గారూ, మేనమామ లేచాడంట కదా. రేటెంత పెరిగిందండీ?"

"కంపెనీ ఇంకా చెప్పలేదండీ."

మర్నాడు చేశాడు. "చూస్తామంటున్నారండీ." ఆ మర్నాడూ చేశాడు. "చూస్తున్నారండీ."

"దించేటప్పుడు కోడి కూయకముందే చెప్పారు కదండీ! ఎక్కించేటప్పుడు కంపెనీకి తెల్లారదా?"

రావు గారి గొంతు మారింది. ఈసారి అందులో ఆ మెత్తదనం లేదు.

"ఇన్నేళ్లూ మీరందరూ ఆ మాట నన్నే అడిగారండీ. నేను కంపెనీ వాళ్లని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నా సరుకు తీసుకోరేమోనని భయం. ఆ తేడా కంపెనీయే మిగుల్చుకుంటోందని నాకూ అనుమానమే ఏలీయా గారూ, ఎప్పట్నుంచో."

"అయితే రేపు అడుగుదాం పదండి. నేనూ వస్తా."

"రైతుని వెంటబెట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారండీ. ఎందుకొచ్చారంటారు."

"పెళ్లికని చెప్దాం" అన్నాడు ఏలీయా.

మర్నాడు పొద్దున్న రావు గారి బండి వెనక ఏలీయా ఎక్కి కూర్చున్నాడు. గోపీనాథ్ కూడా తన బండి తీశాడు. ప్రభావతి మజ్జిగ సీసా చేతికిస్తూ, "అనుమానం ఇన్నాళ్లకి సరైన ఇంటి దారి పట్టింది" అంది.

ఇదండీ సంగతి. మీకు తెలిసిన చెరువు రైతులుంటే, ఏజెంట్లున్నా సరే, ఈ కథ వాళ్లకి పంపించండి. డాలరు పడిన రోజు రేటు ఎంత తొందరగా దిగిందో చూసినట్టే, లేచిన రోజు ఎంత ఆలస్యంగా ఎక్కిందో కూడా చూడమనండి. చూసి ఊరుకోకుండా, నలుగురూ కలిసి అడగమనండి. ఉంటానండీ మరి.